పక్క ఫ్యాక్టరీకి మన లెక్కలు చూపించడం ఎలా? చిత్తూరు పల్ప్ యూనిట్ల కోసం

నేను పనిచేసిన మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో స్టెరిలైజర్ వెనకాల ఒక సన్నటి కాలువ ఉండేది. సీజన్ నడిచినన్నాళ్లూ అందులోంచి ఆవిరి లేస్తూనే ఉండేది. ప్రొడక్షన్ మేనేజర్‌ని నేనే. రెండు సీజన్లు రోజూ ఆ పక్కనుంచే నడిచాను, ఇది ఇంతేలే అనుకున్నాను. ఒకరోజు పక్క ఫ్యాక్టరీ బాయిలర్ ఆపరేటర్ గ్యాస్కెట్ బదులు తీసుకుపోదామని వచ్చాడు. కాలువ దగ్గర ఆగి, "ఏంది సార్, దుడ్లు కాలవలో పోతా ఉండాయే" అన్నాడు.

స్టీమ్ ట్రాప్, అంటే ఆవిరిని ఆపి నీళ్లను మాత్రమే వదిలే వాల్వు, తెరుచుకుని అట్లాగే ఇరుక్కుపోయింది. బాయిలర్‌కి తిరిగి పోవలసిన వేడినీళ్లు, వాటితోపాటు మంచి ఆవిరి కూడా కాలువ పాలవుతున్నాయి. బాయిలర్‌కి పోసే నీళ్లు ప్రతి 6 డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒక శాతం ఇంధనం మిగులుతుందని బాయిలర్ పనివాళ్లకు తెలిసిన లెక్కే. బోరు నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఆవిరి చల్లబడి మారిన వేడినీళ్లు, అంటే కండెన్సేట్, కలిపి వాటిని 78 దాకా తెస్తే 8 శాతం. రెండు సీజన్లు మేము తగలేసిన కట్టెలు తల్చుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆ రోజు అతని దగ్గర గ్యాస్కెట్ ఉండి ఉంటే మూడో సీజన్ కూడా అట్లాగే పోయేది. పక్కవాడి కంటికి కనబడేది మన కంటికి కనబడదు. అది అదృష్టం కొద్దీ కాకుండా ఒక పద్ధతి ప్రకారం జరగాలంటే ఏం చేయాలో కింద రాస్తున్నాను. పల్ప్ యూనిట్ల భాషలో రాస్తున్నా, బాయిలరూ బోరూ ఉన్న ఏ ఫ్యాక్టరీకైనా ఇది పనికొస్తుంది.

ముందు ఎవరిని పిలవాలి

అసోసియేషన్ మీటింగ్‌తో మొదలుపెట్టకండి. శాలువాలు, గ్రూప్ ఫోటో అయ్యేసరికి భోజనాల వేళ అవుతుంది. నాలుగు ఫ్యాక్టరీలు చాలు, ఆరు దాటితే ఎవరూ నోరు విప్పరు. గంట ప్రయాణంలో చేరుకునేంత దగ్గరలో ఉండాలి. బంగారుపాళ్యం వాళ్లు చిత్తూరు వచ్చి, పని చూసుకుని, సాయంత్రం షిఫ్ట్‌కి వెనక్కి వెళ్లిపోగలగాలి.

అందరూ పల్ప్ చేసేవాళ్లే కానక్కర్లేదు. వీలైతే ఒక పాల డెయిరీని కలుపుకోండి. మనం రెండు మూడు నెలలు నడిపి మిషన్లు కప్పేస్తాం, వాళ్లు ఏడాదంతా నడుపుతారు. పైపులు కడగడానికి కాస్టిక్ సోడా ఎంత, వేడి ఎంత, ఎన్ని నిమిషాలు, కడిగిన నీళ్లను మళ్లీ మొదటి విడత కడుక్కోవడానికి ఎట్లా వాడుకోవాలి అన్నవి వాళ్లకు కొట్టిన పిండి. పైగా వాళ్లు మనతో పోటీలో లేరు కాబట్టి దాచుకునేదీ తక్కువ.

ఓనర్లు ఒక్కసారి కూర్చుని సరే అంటే చాలు. ఆ తర్వాత కూర్చోవలసింది బాయిలర్ ఆపరేటరు, ఈటీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) చూసేవాడు, క్వాలిటీ ల్యాబ్‌లో ఉండే అమ్మాయి, స్టోర్స్ వాళ్లు. ఓనర్లు కూర్చున్న మీటింగ్‌లో ఆపరేటర్ తన ఫ్యాక్టరీలో లోపం ఉందని చెప్పడు. చెబితే సాయంత్రం ఇంటికి టెన్షన్‌తో పోవాలి.

ఎప్పుడంటే ఫిబ్రవరిలో. తోటలు పూతమీద ఉంటాయి, మనకు ఊపిరి పీల్చుకునే టైమ్ ఉంటుంది. మిషన్లు మెయింటెనెన్స్‌కి విప్పి ఉంటాయి కాబట్టి లోపల ఏం అరిగిందో కంటికి కనబడుతుంది. మే నెలలో కాయ మొదలయ్యాక మీటింగ్ అంటే ఎవరూ రారు.

ఏం మాట్లాడకూడదో మొదటి రోజే కాగితం మీద పెట్టండి

ఈ మెట్టు దాటేసి ముందుకు పోవద్దు. ఒకే సరుకు చేసే కంపెనీలు ఒక గదిలో కూర్చున్నాయంటే చట్టం ఒక కన్నేసి ఉంచుతుంది. 2002 కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్ ప్రకారం పోటీదారులు కలిసి ధర నిర్ణయించుకోవడం, ఉత్పత్తి తగ్గించుకోవడం, నీకీ ఊళ్లు నాకా ఊళ్లు అని పంచుకోవడం, టెండర్లలో కుమ్మక్కవడం తప్పు. కాగితం మీద సంతకం లేదు కదా అంటే కుదరదు, నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే. కార్టెల్ (పోటీదారుల కుమ్మక్కు) అని తేలితే అది నడిచిన ప్రతి ఏడాదికీ లాభానికి మూడు రెట్లు లేదా టర్నోవర్‌లో 10 శాతం, ఏది ఎక్కువైతే అంతదాకా జరిమానా వేయొచ్చు.

కాబట్టి కాగితం మీద రెండు గడులు గీయండి. ఎడమవైపు మాట్లాడేవి: నీళ్లు, కరెంటు, ఇంధనం, వృథా, ప్రమాదాలు, మిషన్ రిపేర్లు, కాలుష్యం లెక్కలు, శిక్షణ. కుడివైపు మాట్లాడకూడనివి: కాయ ఎంతకి కొంటాం, పల్ప్ ఎంతకి అమ్ముతాం, ఈ ఏడాది ఎన్ని టన్నులు తీస్తాం, ఎవరికి అమ్ముతాం, కూలి ఎంతిస్తాం. కుడివైపు మాట ఎవరి నోట వచ్చినా, భోజనాల దగ్గర వచ్చినా సరే, ఆపి వేరే మాటలోకి దిగాలి. ఒక లాయర్‌తో ఆ కాగితం ఒకసారి చూపించుకోండి, ఖర్చు పెద్దగా ఉండదు.

2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం కిలోకి 12 రూపాయలని ప్రకటించి, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇస్తాయని చెప్పింది. అది అందరి ఎదుటా బహిరంగంగా చెప్పిన మాట. దాన్ని చూపించి "మరి మనం కూడా ఒక రేటు అనుకుందాం" అని ఎవరైనా అన్నారంటే, ఆ మీటింగ్ నుంచి లేచి వచ్చేయండి.

టన్ను అంటే ఏ టన్ను?

ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టండి. మేము మొదటిసారి నీళ్ల లెక్కలు బల్లమీద పెట్టినప్పుడు ఒకరు టన్నుకి 3 వేల లీటర్లు అన్నారు, ఇంకొకరు 6 వేలు అన్నారు. 6 వేలు అన్న మేనేజర్ ముఖం చిన్నబోయింది. అరగంట తర్వాత తేలిందేమంటే మొదటాయన టన్ను కాయకి లెక్కేశాడు, రెండో ఆయన టన్ను గుజ్జుకి. కాయలో సుమారు సగం గుజ్జు వస్తుందనుకుంటే ఇద్దరూ వాడేది ఒకటే. అనవసరంగా ఒక మనిషిని అరగంటసేపు దోషిని చేశాం.

అందుకని ఏ లెక్క అయినా గేటు దగ్గర వేబ్రిడ్జి మీద తూగిన టన్ను కాయకి వేయండి. గుజ్జుకి వేస్తే ఇంకో చిక్కు ఉంది. ఒకరు మామూలు గుజ్జు తీస్తారు, ఇంకొకరు నీళ్లు ఆవిరి చేసి 28 బ్రిక్స్ (తీపి సాంద్రత కొలత) కాన్సంట్రేట్ తీస్తారు. కాన్సంట్రేట్ వాళ్లకి ఆవిరి సహజంగానే ఎక్కువ పడుతుంది. రెండింటినీ ఒకే గడిలో రాస్తే పోలికే తప్పు. కాన్సంట్రేట్ నడిచిన రోజులకు వేరే పేజీ పెట్టండి.

తర్వాత మీటర్లు. నీళ్ల మీటరు కనీసం మూడు చోట్ల ఉండాలి: బోరు దగ్గర, కాయ కడిగే లైన్ దగ్గర, బాయిలర్‌కి పోయే పైపు మీద. ఈ సీజన్‌కి మీటరు పెట్టలేకపోతే సంపు గోడమీద అడుగడుగుకీ పెయింట్‌తో గీతలు గీయండి. ఉదయం ఆరుకి, రాత్రి పదికి గీత చూసి నోట్‌బుక్‌లో రాయండి. పొడవూ వెడల్పూ తెలుసు కాబట్టి అడుగుకి ఎన్ని లీటర్లో ఒక్కసారి లెక్కేసుకుంటే చాలు. మోటార్ నడుస్తుండగా చూస్తే లెక్క తప్పుతుంది, ఆపి చూడాలి. మధ్యలో సంపు నింపితే, నింపే ముందూ తర్వాతా కూడా గీత చూసి రాయాలి.

ట్యాంకర్ నీళ్లు మరిచిపోకండి. మొదటి ఏడాది అందరి లెక్కలూ పక్కపక్కన రాసిన షీట్‌లో మా నీళ్ల అంకె అందరికన్నా బాగుంది. నేను కాస్త ఛాతీ విరిచాను కూడా. తర్వాత చూసుకుంటే జూన్‌లో తెప్పించిన ట్యాంకర్లు స్టోర్స్ ఖాతాలో ఉన్నాయి, నీళ్ల ఖాతాలో లేవు. తర్వాతి మీటింగ్‌లో నేనే చెప్పి సరిచేయించాను. వెయ్యి అడుగులు దింపినా నీళ్లు పడని బోర్లు ఉన్న జిల్లాలో నీళ్ల లెక్కలో తప్పు చిన్న విషయం కాదు.

ఇంత పని కొత్తగా ఎందుకు అనిపిస్తే, సగం పని మీరు ఇప్పటికే చేస్తున్నారు. పొల్యూషన్ కంట్రోల్ బోర్డు అనుమతితో నడిచే ఫ్యాక్టరీలు మార్చి 31తో ముగిసిన ఏడాదికి సెప్టెంబర్ 30లోపు ఫారం-5 పంపాలి. పర్యావరణ పరిరక్షణ నియమాల్లో 14వది అది. సరుకు యూనిట్‌కి ఎంత నీరు వాడాం, ఎంత ముడిసరుకు పట్టింది, ఏం వదిలాం అన్నీ అందులో ఉంటాయి. చాలా చోట్ల కన్సల్టెంట్ పోయినేడు కాగితంలో సంవత్సరం మార్చి పంపేస్తాడు, మనం సంతకం పెట్టి ఫైల్‌లో పెడతాం. ఆ ఫారం నలుగురూ బల్లమీద పెట్టుకోండి. ఎవరి అంకెలు మూడేళ్లుగా మారకుండా ఉన్నాయో చూస్తే నవ్వొస్తుంది, కొంచెం భయమూ వేస్తుంది.

మీ తప్పు మీరే ముందు చెప్పండి

పిలిచినవాళ్లు మీరే కాబట్టి మొదటి లోపం మీదే కావాలి. "మేము ఇట్లా బ్రహ్మాండంగా చేస్తున్నాం" అని మొదలుపెడితే మిగిలిన ముగ్గురూ అదే రాగం ఎత్తుకుంటారు, చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. నేను కాలువలో పోయిన ఆవిరి కథ చెప్పాను. దాని తర్వాత ఒకాయన కాస్టిక్ ఎక్కువ వేసి ఈటీపీలో సూక్ష్మజీవులు చచ్చిపోయిన సంగతి చెప్పాడు. ఇంకొకాయన కోల్డ్ రూమ్ తలుపు రబ్బరు చిరిగి ఏసీ మోటార్లు రాత్రింబవళ్లు తిరిగిన సంగతి చెప్పాడు. పని అక్కడ మొదలైంది.

ఒక్కో లోపానికీ నాలుగు మాటలు రాయించండి. ఏం కనబడింది, ఎందుకు జరిగింది, ఏం చేశాం, ఎంత ఖర్చయింది. పనిచేయని ప్రయత్నాలు కూడా రాయాలి. మేము కండెన్సేట్ అంతా బాయిలర్‌కి తిప్పాలని పోయి ఒకసారి దెబ్బతిన్నాం. హీట్ ఎక్స్‌ఛేంజర్ ట్యూబ్‌లో సన్నటి రంధ్రం పడి, గుజ్జు పులుపూ తీపీ నీళ్లలో కలిసి బాయిలర్‌లోకి పోయాయి. అప్పటినుంచి తిరుగు పైపు మీద, నీళ్లలో ఏదైనా కలిస్తే పసిగట్టే కండక్టివిటీ మీటరు పెట్టాం, అంకె పెరిగితే ఆ నీళ్లు కాలువలోకి పోతాయి. ఈ సంగతి చెప్పకుండా "కండెన్సేట్ తిప్పండి, డబ్బు మిగులుతుంది" అని మాత్రమే చెబితే పక్కవాడి బాయిలర్ పాడైపోతుంది.

ఫ్యాక్టరీ చూడ్డానికి వెళ్లినప్పుడు

నెలకో ఫ్యాక్టరీ. ఫోన్లు సెక్యూరిటీ దగ్గర పెట్టేయాలి, ఫోటో కావాలంటే ఆ ఫ్యాక్టరీవాళ్లే తీసి పంపాలి. ల్యాబ్‌లో కస్టమర్ల పేర్లున్న బోర్డులు, డ్రమ్ముల మీద లేబుళ్లు ముందే కప్పేయమనండి. ఇందులో అనుమానమేమీ లేదు, వచ్చినవాళ్లను మొహమాటపెట్టకుండా ఉండడానికే.

మేనేజర్‌తో కాకుండా ఆపరేటర్‌తో నడవండి. ఆపరేటర్ ఆపరేటర్‌నే అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. "బ్లోడౌన్ (బాయిలర్ అడుగున చేరిన మురికినీళ్లు వదలడం) ఎన్నిసార్లు ఇస్తావు అన్నా?", "ప్రెషర్ ఎంతకి పెడతావు అన్నా?", "రాత్రి షిఫ్ట్‌లో నిద్రొస్తే ఏం చేస్తావు అన్నా?" ఆ చివరి ప్రశ్నకి వచ్చే జవాబులో ఎన్ని రోజుల లీకేజీ దాగి ఉంటుందో చెప్పలేను.

భోజనం ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లోనే పెట్టించండి. హోటల్‌కి తీసుకుపోతే మాట హోటల్ మీదికి పోతుంది.

టెంకలు, తొక్కలు

ఒక్క ఫ్యాక్టరీ టెంకలంటే కొనేవాడికి లారీ కిరాయి కిట్టదు. నాలుగు ఫ్యాక్టరీలవి కలిస్తే కిట్టుతుంది. టెంకలోని జీడి నుంచి కొవ్వు తీస్తారు. యూరప్‌లో చాక్లెట్‌లో కోకో బటర్‌తో పాటు 5 శాతం దాకా కలపడానికి అనుమతి ఉన్న ఆరు వృక్ష కొవ్వుల్లో మామిడి జీడి కొవ్వు ఒకటి. తొక్కలో పెక్టిన్ (జామ్ గట్టిపడడానికి వాడే పదార్థం) ఉంటుంది. ఇవన్నీ మనకు రేపే డబ్బు తెస్తాయని చెప్పను. తడి టెంక రెండు రోజుల్లో బూజు పడుతుంది, ఆరబెట్టడానికి స్థలం కావాలి. అయినా ఎవరి దగ్గర రోజుకి ఎంత వస్తోంది, ఎవరు ఎక్కడ పారేస్తున్నారు, ఎవరు ఆరబెట్టి బాయిలర్‌లో వేస్తున్నారు అన్నది ఒకే షీట్‌లో ఉంటే, కొనేవాడు వచ్చినప్పుడు చూపించడానికి ఒక అంకె ఉంటుంది. రోడ్డు పక్కన పోసి ఈగల మీద ఊరివాళ్లతో తిట్లు తినడం కన్నా అదే మేలు.

గేటు బయట ట్రాక్టర్లు

పారదర్శకత అంటే మనలో మనకే కాదు. కాయ ముదిరి ఒక్కసారిగా వచ్చే వారంలో ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు వరస కడతాయి. రైతు రెండు రాత్రులు ట్రాలీ కిందే పడుకుంటాడు, కాయ ఎండకి మెత్తబడుతుంది. ఏ ఫ్యాక్టరీలో లైన్ తక్కువో అతనికి తెలిసే దారి ర్యాంపు (కాయ కొని పోగేసే చోటు) దగ్గర విన్న పుకారు ఒక్కటే.

రోజుకి మూడుసార్లు, గేటు బయట ఎన్ని బండ్లున్నాయో, ఇప్పుడు ఏ నంబర్ టోకెన్ దించుతున్నారో గేటు మీద బోర్డులో రాయండి, రైతుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి. మిషన్ ఆగితే ఆగిందని రాయండి. అది రైతుకీ అందరికీ కనబడే సమాచారం. అంతే గానీ "ఈరోజు నువ్వు కొనొద్దు, నేను కొంటా" అని ఫ్యాక్టరీలు ఫోన్‌లో మాట్లాడుకోవడం మొదలైతే అది కుడివైపు గడిలోకి వచ్చేస్తుంది. ఈ తేడా సెక్యూరిటీ గార్డుకి కూడా చెప్పి ఉంచండి.

కొనే కంపెనీల ప్రశ్నలు

షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021లో తెచ్చిన బీఆర్ఎస్ఆర్ (పర్యావరణం, సమాజం పట్ల కంపెనీ బాధ్యత చెప్పే) నివేదిక 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరి. వాళ్లలో జూస్ చేసేవాళ్లు పల్ప్ మన దగ్గర కొంటారు, కాబట్టి ప్రశ్నలు మన దాకా జారుతాయి. ఎగుమతి కొనుగోలుదార్లు సెడెక్స్ అనే, సరఫరాదార్ల వివరాలు పంచుకునే ఆన్‌లైన్ వేదికలో వివరాలు పెట్టమంటారు, అక్కడ ఒకసారి నింపితే చాలామందికి చూపించొచ్చు. ప్రశ్నలు చాలావరకు అవే, పేర్లు మారతాయి. మీ షీట్‌లో కరెంటు యూనిట్లు, ఇంధనం, నీళ్లు సరిగ్గా ఉంటే వీటిలో ముప్పాతిక జవాబులు అక్కడే దొరుకుతాయి. కరెంటుకి కార్బన్ లెక్క అడిగితే యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా కొత్త అంకె ఇస్తుంది, నలుగురూ ఒకే ఏడాది అంకె వాడండి. సోలార్ పెట్టినవాళ్లు సోలార్ యూనిట్లు విడిగా రాయాలి.

ఎవరైనా అబద్ధపు అంకె ఇస్తే

ఇస్తారు. మొహం మీద అడగకండి. ఆదివారాలు కలిశాయా, ట్యాంకర్లు కలిశాయా, జనరేటర్ డీజిల్ కలిసిందా అని మామూలుగా అడగండి. మూడు ప్రశ్నల్లో అంకె దానంతట అదే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఆ అంకె పక్కన ప్రశ్న గుర్తు పెట్టి వదిలేయండి. రెండేళ్లు ప్రశ్న గుర్తుతోనే ఉన్నవాళ్లు తమంతట తామే రావడం మానేస్తారు.

పక్క రాష్ట్రం తమిళనాడులోని తిరుపూర్ సంగతి చూడండి. నొయ్యల్ నదిలో రంగు నీళ్ల మీద 2011 జనవరిలో మద్రాస్ హైకోర్టు ఉత్తర్వులిచ్చాక వందల డైయింగ్ యూనిట్లు మూతపడ్డాయి. కోర్టుకి కనబడింది నది, అందులో ఎవరి పైపు నుంచి ఎంత వచ్చిందని కాదు. మన ఊరి బోర్ల సంగతి కూడా అంతే అవుతుంది. పక్క ఫ్యాక్టరీ ఈటీపీ పాడైతే ఊళ్లో వాళ్లు ధర్నాకి కూర్చునేది మన గేటు ముందు కూడా.

మొదటి మీటింగ్‌కి వచ్చేటప్పుడు పోయిన సీజన్ కరెంటు బిల్లులు, వేబ్రిడ్జి రిజిస్టరు, నీళ్ల నోట్‌బుక్, ఫారం-5 కాపీ తెమ్మనండి. పాడైపోయిన సామాను ఒకటి, వాల్వో, సీలో, ఏదైనా సంచిలో వేసుకుని రమ్మనండి. బల్లమీద పెట్టిన అరిగిపోయిన వాల్వు చేతికి తగిలితే ఎంత మొహమాటస్తుడైన ఆపరేటర్ అయినా దాని సంగతి చెప్పకుండా ఉండలేడు. మేము ఆ ఏడాది పీకేసిన స్టీమ్ ట్రాప్‌నే తీసుకుపోయాను. బల్లమీద అది చేతులు మారుతూ ఒక రౌండ్ తిరిగేసరికి, టీ రాకముందే, ముగ్గురు తమ స్టెరిలైజర్ వెనకాల కాలువ ఎట్లా ఉందో చూసి రమ్మని ఫ్యాక్టరీకి ఫోన్ చేశారు.